రత్నావళి: నాగార్జునుడి కరుణా గ్రంథం, నేలకొండపల్లి నేపథ్యం

ఆచార్య నాగార్జునుడు ఒక రాజుకు హితవుగా చెప్పిన సంస్కృత గ్రంథం రత్నావళి. పూర్తి పేరు రాజపరికథా రత్నావళి. హర్షుడి నాటిక రత్నావళికీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు. ఐదు పరిచ్ఛేదాలు, ఒక్కోదానిలో సుమారు వంద చొప్పున మొత్తం ఐదు వందల శ్లోకాలు. మనిషి కరుణను ఎలా పెంచుకోవాలి, బోధికి దారి ఎటు అన్న ప్రశ్నలకు మహాయానంలో జవాబు చెప్పిన తొలినాటి రచనల్లో ఇదొకటి. ఈ విషయం మీద లోకమంతా చదివే శాంతిదేవుడి బోధిచర్యావతారం 8వ శతాబ్దిది. రత్నావళి దానికంటే ఐదారు వందల ఏళ్లు పెద్దది. రత్నావళి పుట్టుక కృష్ణా లోయలో జరిగి ఉంటుందన్న అభిప్రాయానికి గట్టి మద్దతే ఉంది.

నాగార్జునుడి పేరు చెబితే పండితులు వెంటనే మూలమధ్యమకకారికకు, శూన్యవాదానికి వెళ్లిపోతారు. ఆ చర్చల హోరులో రత్నావళి వెనకబడింది. శూన్యతను అంత సూక్ష్మంగా తర్కించినవాడే బాటసారి కాలి ముల్లు గురించి, జైల్లో ఉన్నవాడి క్షవరం గురించి, పుట్ట దగ్గరి చీమల తిండి గురించి రాజుకు చెప్పాడన్నది ఈ గ్రంథం చదివితేనే తెలుస్తుంది.

ఎవరా రాజు?

గ్రంథంలో ఎక్కడా రాజు పేరు లేదు. ఆయన శాతవాహనుడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. 7వ శతాబ్దిలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హుయన్‌త్సాంగ్, ఒక శాతవాహన రాజు నాగార్జునుడి కోసం కొండమీద గొప్ప విహారం కట్టించాడని రాశాడు. అదే శతాబ్ది చివర వచ్చిన ఇత్సింగ్ ఒక ఉత్తరాన్ని ప్రస్తావించాడు. అది సుహృల్లేఖ. నాగార్జునుడు శాతవాహన మిత్రుడికి రాసిన ఆ లేఖను ఇక్కడి పిల్లలు చిన్నప్పుడే నేర్చుకునేవారని ఆయన మాట. రత్నావళి, సుహృల్లేఖ అక్కాచెల్లెళ్ల లాంటి రచనలు. మొదటిది విస్తారం, రెండోది సంగ్రహం.

అమెరికన్ పండితుడు జోసెఫ్ వాల్సర్ 2005లో వెలువరించిన పుస్తకంలో ఈ ప్రశ్నను శిల్పం వైపు నుంచి పట్టుకున్నాడు. పద్మం మీద కూర్చున్న బుద్ధ ప్రతిమలు చేయించమని రత్నావళి రాజుకు చెబుతుంది. కృష్ణా దిగువ లోయలో మొదట చాలాకాలం బుద్ధుణ్ణి పాదాలు, ధర్మచక్రం, ఖాళీ సింహాసనం వంటి గుర్తులతోనే చూపారు. మనిషి రూపంలో మలచడం తరువాతి మాట. కనుక ఈ సలహా ఇవ్వాలంటే ఆ మార్పు అప్పటికే వచ్చి ఉండాలి. ఈ లెక్కన వాల్సర్ గ్రంథాన్ని 2వ శతాబ్ది చివరికి, యజ్ఞశ్రీ శాతకర్ణి పాలనకు, ధాన్యకటక (ఇప్పటి అమరావతి) ప్రాంతానికి దగ్గర చేశాడు. ఒక్క ఆధారం మీద ఇంత బరువు మోపడం మీద వాదాలు ఉండవచ్చు. అయినా ఇతర ప్రతిపాదనలకంటే ఇది నేలమీద నిలబడిన వాదం.

నేలకొండపల్లి

బుద్ధ ప్రతిమల మాట వచ్చాక నేలకొండపల్లికి వెళ్లక తప్పదు. ఖమ్మం పట్టణానికి 21 కిలోమీటర్ల దూరంలోని ఈ ఊరు తెలుగువాళ్లకు భక్త రామదాసు పుట్టిన ఊరుగానే ఎక్కువ తెలుసు. స్థానికుల నోట ఇది మహాభారతంలోని విరాటరాజు కొలువు. విరాటరాజు దిబ్బ, కీచక గుండం అన్న పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. పురావస్తు శాఖ తవ్వకాల్లో తేలింది మరో కథ. దాదాపు వంద ఎకరాల మట్టికోట ఆనవాలు, విహారాల పునాదులు, బావులు, నీటి తొట్లు, మహాస్తూపం, మట్టి బొమ్మలు, కంచు బుద్ధ ప్రతిమ, సున్నపురాతిలో చెక్కిన చిన్న స్తూపం బయటపడ్డాయి. ఇవి క్రీస్తుశకం 3, 4 శతాబ్దాలవని నిర్ణయించారు. సున్నపురాతి బుద్ధ విగ్రహాలు పెద్ద సంఖ్యలో దొరకడంతో ఇది విగ్రహాల తయారీ కేంద్రమని, ఇక్కడి పనితనం చుట్టుపక్కల బౌద్ధ క్షేత్రాలకు వెళ్లేదని పరిశోధకులు చెబుతారు.

రత్నావళి ఇక్కడ రాశారని ఎవరూ అనలేదు, ఈ వ్యాసమూ అనదు. ప్రతిమలు చేయించు, స్తూపాలు నిలుపు, బావులు తవ్వించు అని రాజుకు చెప్పిన గ్రంథం ఏ లోకంలో పుట్టిందో, నేలకొండపల్లి ఆ లోకానికి మరుసటి తరాల రూపం. ఆ సలహా రాతిగా, ఇటుకగా, నీటి తొట్టిగా మారితే ఎలా ఉంటుందో ఇక్కడ చూడవచ్చు.

ఇక్కడి నుంచి దక్షిణంగా ఇప్పటి రాష్ట్ర సరిహద్దు దాటితే జగ్గయ్యపేట. అక్కడ ధనంబోడు అనే దిబ్బను 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో సిద్ధార్థుడనే శిల్పి స్తూపం వేదిక మీద నిలిపే ఐదు ఆయక స్తంభాలు దానం చేసిన శాసనం అక్కడిదే. మనకు మరింత ఆసక్తి కలిగించేది వేరొకటి ఉంది. సుమారు 6వ శతాబ్ది లిపిలో ఒక బుద్ధ విగ్రహం కింద ఉన్న శాసనమది. నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు ఆ ప్రతిమను చేయించాడని అందులో ఉంది. ఈ నాగార్జునుడు, రత్నావళి కర్త ఒకరు కావడానికి కాలం ఒప్పుకోదు. ఆ పేరు మాత్రం ఈ ప్రాంతపు గురుపరంపరలో గౌరవంగా నిలిచిందని రుజువైంది.

గ్రంథంలో ఏముంది

మొదటి పరిచ్ఛేదం అభ్యుదయం, నైశ్శ్రేయసం అనే రెండింటి మీద నడుస్తుంది. అభ్యుదయం అంటే ఈ లోకంలోనూ వచ్చే జన్మల్లోనూ మేలైన బతుకు. నైశ్శ్రేయసం అంటే విముక్తి. మొదటిదానికి శ్రద్ధ, రెండోదానికి ప్రజ్ఞ సాధనాలు. ఈ రెండింటిలో ప్రజ్ఞే ముఖ్యమని, శ్రద్ధ దానికి ముందు నడిచేదని తేల్చి చెబుతాడు. మానుకోవలసినవి పదమూడు, చేయవలసినవి మూడు. హత్య, దొంగతనం, అబద్ధం, చాడీ, మత్తు, తప్పుడు జీవనోపాధి వంటివి మొదటి పట్టీలో ఉన్నాయి. దానం, పూజ్యులను గౌరవించడం, మైత్రి రెండో పట్టీ. ఒళ్లు హింసించుకునే తపస్సు ధర్మం కాదని ఇక్కడే తోసిపుచ్చాడు. దానివల్ల ఇతరులకు చేసే కీడు ఆగదు కదా అన్నది కారణం. ధర్మాన్ని ఎదుటివాడికి జరిగే మేలు కీళ్లతో తూచడం గ్రంథమంతటా కనిపిస్తుంది.

అద్దం ఉంటేనే ముఖం ప్రతిబింబం కనబడుతుంది, అద్దం తీసేస్తే అదీ ఉండదు. అలాగే దేహం, వేదన మొదలైన స్కంధాల ఆధారంగా 'నేను' తోస్తుంది. ఈ పోలికతో శూన్యతలోకి తీసుకెళ్లి, అంత లోతైన విషయాన్ని రాజుకు చెబుతున్నానన్న స్పృహతోనే మళ్లీ వెనక్కి వస్తాడు. రెండో పరిచ్ఛేదంలో మద్యం, జూదం, వేట, కామం మీద హెచ్చరికలు ఉంటాయి. కామాన్ని మాన్పించడానికి స్త్రీ దేహాన్ని ఏవగింపుగా వర్ణించిన శ్లోకాల వరస ఒకటి ఇందులో ఉంది. సన్యాస సాహిత్యంలో అది అలవాటైన పద్ధతే. ఉద్దేశం రాజు వ్యామోహాన్ని తగ్గించడమే అయినా, కరుణ గురించి మాట్లాడే గ్రంథంలో ఆ వరస ఇబ్బందిగానే ఉంటుంది. చివర మహాపురుషుడి 32 లక్షణాలు, ఏ పుణ్యంతో ఏ లక్షణం వస్తుందన్న వివరం.

మూడో పరిచ్ఛేదం గ్రంథానికి గుండెకాయ. బుద్ధుడి రూపకాయం పుణ్యంతోను, ధర్మకాయం జ్ఞానంతోను కలుగుతాయని మొదలుపెట్టి, పుణ్యం ఎలా కూడబెట్టాలో చెప్పేచోట నాగార్జునుడు ఒక్కసారిగా వీధిలోకి దిగుతాడు. ఆలయాల్లో, ఊళ్లలో సత్రాలు కట్టించు. నీరు దొరకని దారుల్లో చలివేంద్రాలు పెట్టించు. ఆ చలివేంద్రాల్లో చెప్పులు, గొడుగులు, నీళ్లు వడగట్టే గుడ్డలు, ముల్లు తీసే శ్రావణాలు, సూదులు, దారం, విసనకర్రలు ఉంచు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, నెయ్యి, తేనె, కంటి మందు, విషానికి విరుగుడు కూడా అందుబాటులో పెట్టు. ఒళ్లు రుద్దుకునే నూనెలు, నువ్వులు, బియ్యం, బెల్లం నీడపట్టున ఉండాలి. పుట్ట దగ్గర నమ్మకస్తుల చేత తిండి, నీళ్లు, పంచదార, గింజల కుప్పలు వేయించు. కుక్కలకు, చీమలకు, పక్షులకు అన్నం పెట్టు.

పాలనకు సంబంధించినవీ ఇక్కడే వస్తాయి. పంట పోయిన రైతుకు విత్తనాలిచ్చి ఆదుకోవడం, పన్ను తగ్గించడం లేదా మాఫీ చేయడం, దారిదోపిడీలను అణచడం, ధరలు సరసంగా ఉండేలా చూడడం. ఎండాకాలంలో ఊరి కూడలిలో కుండ పెట్టి మంచినీళ్లు పోసే అలవాటు నేటికీ ఉన్న నేలమీద ఈ పట్టీ చదువుతుంటే పాత పుస్తకంలా అనిపించదు. శ్రావణం దాకా ఆలోచించిన వాడు ఎండలో ఆ దారుల వెంట నడిచినవాడే అయి ఉండాలన్నది నా ఊహ.

ఇంతా చెప్పి నాగార్జునుడు మరో మాట అంటాడు. రోజుకు మూడు పూటలా మూడు వందల కుండల అన్నం దానం చేసినా, క్షణకాలపు మైత్రితో వచ్చే పుణ్యానికి సాటి రాదట. దీన్ని పట్టుకుని మనసులో ప్రేమ ఉంటే చాలు, కుండలు అక్కర్లేదని వాదించేవాళ్లు ఉంటారు. అంతకుముందున్న శ్లోకాలను వాళ్లు దాటేసి వచ్చారనే అనుకోవాలి. ప్రేమ లేని దానం బోలుగా మిగులుతుందన్నది ఆయన హెచ్చరిక. దానాన్ని మానమని ఆయన ఎక్కడా అనలేదు.

నాలుగో పరిచ్ఛేదం రాజనీతి. రాజుకు ఇష్టం లేనిది చెప్పేవాడు అరుదు, మేలు కలిగే మాట చేదుగా ఉన్నా వినమని మొదలవుతుంది. గుడ్డివారికి, రోగులకు, దిక్కులేనివారికి, వికలాంగులకు అన్నపానాలు ఎడతెగక అందాలి. శిక్షల గురించిన శ్లోకాలు మరీ ఆశ్చర్యం కలిగిస్తాయి. ఖైదీలను విడుదల చేసేదాకా జైలు సుఖంగా ఉండాలి. మంగలి, స్నానం, అన్నం, నీళ్లు, మందు, బట్టలు అందాలి. బలహీనులను త్వరగా వదిలిపెట్టాలి. హంతకుడినైనా చంపకూడదు, హింసించకూడదు, దేశం దాటించాలి. ఘోరమైన పాపం చేసినవారి మీదే ఎక్కువ కరుణ కావాలి, వాళ్ల స్థితి అంత దిగజారింది గనుక. చెడిన కొడుకును దారికి తెచ్చుకోవాలనుకునే తండ్రి మనసుతో శిక్షించాలి. పగతోను, సొమ్ము మీది ఆశతోను కాదు.

నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, తెలుగు చరిత్రలో అందరికీ తెలిసిన ఖైదీ. 17వ శతాబ్దిలో తానాషా ఏలుబడిలో పాల్వంచ తహసీల్దారుగా ఉంటూ సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించి గోల్కొండ చెరలో పడ్డాడు. ధనాన్ని ఆలయాలకు వెచ్చించు, చచ్చాక అది వెంట రాదు అని రత్నావళి చెప్పింది రాజుకు. గోపన్న ఆ పని రాజును అడక్కుండా చేశాడు. ఆయన చెరసాలలో పడ్డ బాధలను పాటలుగా పాడుకునే మనకు, ఖైదీ సౌఖ్యం గురించి అంతకు పద్నాలుగు పదిహేను వందల ఏళ్ల ముందే తెలుగు నేల నుంచి ఒక రాజుకు సలహా వెళ్లి ఉంటుందన్నది అంతగా తెలియని సంగతి.

ఇదే పరిచ్ఛేదం చివర మహాయానాన్ని వెక్కిరించేవారికి జవాబు ఉంది. వ్యాకరణం చెప్పే గురువు ముందు అక్షరాలు దిద్దించినట్టు బుద్ధుడు వినేవారి స్థాయిని బట్టి బోధించాడని సమాధానం. రాజు కొలువులో మహాయానానికి అప్పటికి గట్టి ప్రత్యర్థులు ఉన్నారని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఐదో పరిచ్ఛేదంలో విడిచిపెట్టవలసిన దోషాలు 57, బోధిసత్త్వుడి పది భూములు వస్తాయి. దోషాల పట్టీ పారాయణానికి బాగుంటుంది, చదవడానికి కాస్త పొడి. పారమితల దగ్గర మాత్రం ఆగాలి. మహాయానంలో పారమితలు ఆరు అని పేరు: దానం, శీలం, క్షాంతి, వీర్యం, ధ్యానం, ప్రజ్ఞ. ఇక్కడ నాగార్జునుడు వాటి సరసన ఏడోదిగా కరుణను నిలబెట్టాడు. అన్ని ప్రాణుల మీద ఒకే తీరున ప్రవహించే ప్రేమగా దాన్ని నిర్వచించి, మిగతా ఆరు ఒక్కో ఫలం ఇస్తే కరుణ అన్ని ప్రయోజనాలనూ నెరవేరుస్తుందని అన్నాడు. బోధికి మూలాలు మూడని గ్రంథం మరోచోట చెబుతుంది. కొండలా కదలని బోధిచిత్తం (అందరి మేలు కోసం బోధి పొందాలన్న సంకల్పం), దిక్కులన్నిటా వ్యాపించే కరుణ, ద్వంద్వాలను ఆశ్రయించని ప్రజ్ఞ. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా మిగతావి నిలవవు. 'నేను' అన్నది అద్దంలోని ప్రతిబింబం లాంటిదైతే, నా బాధ వేరు నీ బాధ వేరు అన్న గోడకు పునాది లేదు. శూన్యతా తర్కం చలివేంద్రం దాకా వచ్చే దారి ఇదే.

చివర ఇరవై శ్లోకాల ప్రార్థన ఉంది. స్తూపం ముందో, ప్రతిమ ముందో, అవి లేకపోతే మరెక్కడైనా రోజుకు మూడుసార్లు చదవాలని విధి. భూమి, నీరు, నిప్పు, గాలి, మందుమొక్కలు, అడవి చెట్లలా అందరికీ పనికిరావాలని, ఇతరుల పాపం తనకు పండాలని, తన పుణ్యం వాళ్లకు చెందాలని, ఒక్క ప్రాణి విముక్తి పొందకుండా మిగిలినా తాను ఈ లోకంలోనే ఉండాలని కోరిక. శాంతిదేవుడి బోధిచర్యావతారంలో ఇవే కోరికలు మళ్లీ వినిపిస్తాయి. ఇతరుల బాధను తన మీదికి తీసుకునే టిబెటన్ సాధనకు ఇతరుల పాపం తనకు పండాలన్న శ్లోకాన్నే ఆధారంగా చూపుతారు.

తెలుగు నేలమీద కొనసాగింపు

ఈ బోధ తరువాతి రాజుల దాకా చేరిందనడానికి రాగి రేకుల సాక్ష్యం ఉంది. యాదాద్రి భువనగిరి జిల్లా తుమ్మలగూడెం ఒకప్పటి ఇంద్రపాలనగరం. అక్కడ దొరికిన విష్ణుకుండి గోవిందవర్మ శాసనం ఆయనను సకల ప్రాణులను కాపాడేందుకు మహాబోధిచిత్తం కలిగించుకున్నవాడిగా వర్ణించి, రాణి పేరిట ఉన్న విహారానికి గ్రామాలు ఇచ్చిన సంగతి చెబుతుంది. అదే విహారానికి శక సంవత్సరం 488లో, అంటే క్రీ.శ. 566లో, విక్రమేంద్రవర్మ మరో గ్రామాన్ని ఇచ్చాడు. బోధిచిత్తం అన్న సాధన పదం రాజు బిరుదుల మధ్య చోటు చేసుకోవడం మామూలు సంగతి కాదు. నాగార్జునకొండలోని ఒక శాసనం విగతజ్వరాలయాన్ని పేర్కొంటుంది. జ్వరపీడితులు కోలుకునే చోటుగా కొందరు పండితులు దాన్ని అర్థం చేసుకున్నారు. మూడో పరిచ్ఛేదపు మందుల పట్టీ పక్కన పెట్టి చదవవలసిన శాసనమది.

గ్రంథం చేసిన ప్రయాణం

6వ శతాబ్దిలో ఉజ్జయిని పండితుడు పరమార్థుడు రత్నావళిని చైనా భాషలోకి తెచ్చాడు. టిబెటన్ అనువాదాన్ని తరువాత కనకవర్మ, పత్సబ్ ఞిమ డ్రక్ సరిదిద్దారు. అజితమిత్రుడు టీక రాశాడు. చంద్రకీర్తి తన ప్రసన్నపదలో దీని శ్లోకాలను ఉదాహరించాడు. సోంఖాపా మార్గక్రమ గ్రంథంలోనూ ఇది తరచు కనబడుతుంది. ఇక్కడ బౌద్ధం క్షీణించాక సంస్కృత మూలం కనుమరుగైంది. ఇటలీ పండితుడు జుసెప్పె తుచ్చి నేపాల్ తాళపత్రాల ఆధారంగా 1934, 1936లలో మొదటి, రెండో, నాలుగో పరిచ్ఛేదాల్లో దొరికిన భాగాలను ప్రచురించాడు. 1982లో మైకేల్ హాన్ సంస్కృత, టిబెటన్, చైనా పాఠాలను ఒకచోట చేర్చాడు. కర్తృత్వం మీద 1992లో టిల్మన్ వెటర్ ఛందస్సు ఆధారంగా సందేహం లేవనెత్తాడు. చంద్రకీర్తి వంటి పాత సాక్షుల బరువు వల్ల నాగార్జునుడిదే అన్న అభిప్రాయమే ఎక్కువగా నిలిచింది. జెఫ్రీ హాప్‌కిన్స్ ఆంగ్లానువాదం 1975లో ఒకసారి, విస్తృతమైన వ్యాఖ్యతో 1998లో మరోసారి వచ్చింది. 2006 జనవరిలో అమరావతి కాలచక్రానికి వచ్చిన దలైలామా, 2014లో లేహ్‌లో జరిగిన కాలచక్రంలో రత్నావళిని, సుహృల్లేఖను బోధించారు.

చలివేంద్రాలు, సత్రాలు, రైతు విత్తనాలు ఉన్న మూడో పరిచ్ఛేదమే తుచ్చికి దొరకలేదు. దానికి టిబెటన్, చైనా అనువాదాలే ప్రధాన ఆధారం. రత్నావళిని కొత్తగా పట్టుకునేవారు మొదటి పరిచ్ఛేదపు తర్కంతో కుస్తీ పట్టకుండా ఈ మూడోదాన్ని, తరువాత నాలుగోదాన్ని ముందు చదవడం మంచిది. ఆ రెండూ చదివాక మొదటిదానికి తిరిగివస్తే 'నేను' లేదన్న వాదం ఎందుకు చేశాడో సులువుగా అందుతుంది.